పనియు విశ్రాంతియు

మన పాఠశాలలో ప్రతిదినమును గంట పలుమారులు మ్రోగును. అందు ఉదయమున మ్రోగు మొదటి గంటను గూర్చి ఉపాధ్యాయులమగు మేము మిక్కిలి శ్రద్ధ వహింతుము. ఆలస్యముగా వచ్చినవారిని మందలింతుము. సాయంకాలమున మ్రోగు కడపటి గంటయందు విద్యార్థులకు గల ప్రీతి మాకు లేదు. ఆ గంట మ్రోగిన పిదపను నల్లబల్లమీద ఇంకొక వాక్యము వ్రాయుచునే యుందుము. పనికి ఆరంభమెంత ముఖ్యమో ముగింపును అంత ముఖ్యమనియు, ముగింపెరుగని పని మనుష్యుని మెల్లమెల్లగా తినివేయుననియు ఈ సంవత్సరపు సంచికలో చదువరులకు విన్నవింప గోరుచున్నాము. ఈ మాట పిల్లలకు మాత్రమేగాదు; తలిదండ్రులకును, మాతోడి ఉపాధ్యాయులకును, అందరికంటె ముందుగా మాకును వర్తించును.

ఇందులకు దృష్టాంతము వెదకుటకు దూరము పోనక్కరలేదు. మన విద్యార్థులు దినదినమును నడచు నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగరు వీథులే చాలును. తెల్లతెల్లవారుచుండగనే నారాయణగూడలో జూనియరు కళాశాలల పిల్లలు బరువైన సంచులు భుజములకు తగిలించుకొని ఇరుకు మెట్లెక్కుచుందురు. ఇంజనీరింగు, వైద్య ప్రవేశ పరీక్షల పేర వారికి ఉదయమొక పాఠము, మధ్యాహ్నమొక పాఠము, సాయంకాలమొక పరీక్ష, రాత్రి స్టడీ అవరు. అచటినుండి చిక్కడపల్లికి వచ్చితిమేని, నగర కేంద్ర గ్రంథాలయపు ఆవరణలో చెట్లక్రిందను, గోడలవెంటను, జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు పుస్తకములు ముందిడుకొని కూర్చుండి యుందురు. లోపల కుర్చీ దొరకదేమోయను భయమున ప్రొద్దుననే వచ్చి చోటు పట్టుకొందురు. చేతిలో డబ్బు తక్కువైనవారు నగరపాలక సంస్థవారి 5 రూపాయల భోజనమునకు బారు తీరుదురు. ఇక అశోక్‌నగరులో సందుసందునను హాస్టళ్లు, కోచింగు సెంటర్లు, స్టడీ హాళ్లు, జిరాక్సు దుకాణములు. అర్ధరాత్రియైనను అచటి కిటికీలలో దీపములు ఆరవు.

ఈ యువజనుల శ్రమను మేము తక్కువ చేయము. అది గౌరవింపదగిన శ్రమ. అయినను వారు దేనికొరకు ఏమి ఒడ్డుచున్నారో లెక్కించి చూడవలసియున్నది. 2022వ సంవత్సరమున మన రాష్ట్రములో వెలువడిన గ్రూపు-1 ప్రకటనకు ఆ అక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు వెల్లడియైనందున 2023 మార్చిలో అది రద్దాయెను. 2023 జూనులో మరల జరిగిన పరీక్షయు ఆ సెప్టెంబరులో హైకోర్టు తీర్పుచే రద్దాయెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వచ్చెను. 4 లక్షలకు మించి దరఖాస్తులు చేరెను. జూను 9వ తేదీన 3 లక్షలకు మించినవారు పరీక్షకు కూర్చుండిరి. అనగా ఇరువది మాసములలో ఒకే మెట్టును మూడుసార్లు ఎక్కవలసి వచ్చినవారు వేలకొలది గలరు. అంతయు జరిగిన పిమ్మట ఇంచుమించు 530 మందికి ఒక్క ఉద్యోగము.

'ఉద్యోగము వచ్చిన పిమ్మట సుఖముగా బ్రతుకుదము' అని ఈ పేటలలో తరచు విందుము. అదే నిజమైనచో ఆ 530 మందిలో 529 మందికి బ్రతుకే లేదనవలసి వచ్చును. ఇది పొరపాటు తలంపని మా దృఢాభిప్రాయము. ఫలము మన చేతిలో లేదు. చదువుచున్న ఈ దినము మాత్రము మన చేతిలో నున్నది. ఈ దినమునందు చదువునకు చోటున్నట్లే నిద్రకును, తల్లితో మాటాడుటకును, స్నేహితునితో నవ్వుటకును, దేవుని తలచుటకును చోటుండవలెను. లేనిచో గెలిచినవాడును ఓడినవాడే.

గెలిచినవాడెట్లు ఓడునని చదువరులడుగవచ్చును. మా పూర్వ విద్యార్థి యొకడు అశోక్‌నగరులో నాలుగు సంవత్సరములు గదిలోనుండి చదివెను. దసరాకు ఊరికి పోలేదు. క్రిస్మసుకు మాయింటికి పిలిచినను రాలేదు. ఒకనాడు గ్రంథాలయము ముందు వాని తండ్రి మాకు కనబడెను. ఆయన రైతు. పల్లికాయల సంచి చంకనిడుకొని గేటువద్ద నిలిచియుండెను. కుమారునకు ఆ గంటలో మాదిరిపరీక్ష యున్నదట. పది నిమిషములు బయటికి వచ్చి మాటాడి లోపలికి పోయెనట. 'వాని చదువు చెడగొట్టుట యెందుకు సార్' అని చెప్పి, ఆ సంచిని కాపలాదారునకు అప్పగించి, ఆయన బస్సునకు వెడలిపోయెను. తరువాత ఆ కుమారునకు ఉద్యోగము వచ్చెను. మేమెంతో సంతోషించితిమి. మొన్న వానిని చూచినప్పుడు, ఇంటికి ఎన్నింటికి చేరుదువని యడిగితిమి. 'తొమ్మిది దాటును సార్. ఆఫీసులో ఎవరును ఉండుమనరు. కాని లేచి రావలెనన్న ఏదో తప్పు చేసినట్లుండును. కూర్చుండుటయే నేర్చుకొంటిని గాని లేచుట నేర్చుకొనలేదు' అనెను. ఈ యొక్క మాటకొరకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. పదునైదవయేట లేచుట నేర్వనివాడు నలుబదియవయేట నేర్చునా?

ఇట్టి కష్టము ఈ కాలమునందే పుట్టినది గాదు. నారాయణగూడలోని వై.ఎం.సి.ఏ. ఆటస్థలమున బంతియాడిన విద్యార్థులు మనలో ననేకులు గలరు. ఆ సంఘమెట్లు పుట్టినదో కొలదిమందికే తెలియును. ఇంగ్లండు దేశమున జార్జి విలియమ్సు అను రైతు కుమారుడు లండను నగరమునకు వచ్చి ఒక బట్టల కొట్టులో కొలువు చేసెను. నాటి కొట్లలో పనివారు ఉదయమునుండి రాత్రివరకు నిలువుకాళ్లపై పనిచేసి, ఆ కొట్టు మేడలమీదనే కిక్కిరిసిన గదులలో పరుండెడివారు. ఊరు విడిచి వచ్చినవారు, తలిదండ్రులకు దూరమైనవారు, తెల్లవారిన మరల పనియే గాని వేరు చింత యెరుగనివారు. వారి యవస్థ చూచి విలియమ్సును అతని మిత్రులును 1844వ సంవత్సరము జూను 6వ తేదీన ప్రార్థనకును బైబిలు పఠనమునకును ఈ సంఘమును స్థాపించిరి. అప్పటి లండను మేడగదియు, ఇప్పటి అశోక్‌నగరు హాస్టలు గదియు అక్కచెల్లెండ్రవలె నున్నవి గదా!

పిమ్మట 1891లో లూథరు గ్యులిక్కు అను అమెరికా వైద్యుడు ఆ సంఘమునకు త్రికోణ చిహ్నమును సూచించెను. శరీరము, మనస్సు, ఆత్మ యను మూడును దాని భుజములు. ఆ సంవత్సరమే డిసెంబరులో అతని తోడి ఉపాధ్యాయుడగు జేమ్సు నెయిస్మితు, చలికాలమున విద్యార్థులు లోపలనే యాడుకొనుటకు బాస్కెటుబాలు ఆటను కల్పించెను. త్రికోణమునకు ఒక భుజమును తీసివేసినచో అది కురుచ త్రికోణము గాదు. అసలు త్రికోణమే గాదు. రేఖాగణితము చదివిన పిల్లలకు ఇది మేము చెప్పనక్కరలేదు. పరీక్ష సంవత్సరమని పిల్లవాని ఆట మాన్పించు తలిదండ్రులు మాత్రము దీనిని ఒకింత ఆలోచింపవలెను.

'కష్టపడక దేశము బాగుపడునా?' అని యడుగువారు గలరు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరగు నారాయణమూర్తిగారు యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెననిరి. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో అధ్యక్షులగు సుబ్రహ్మణ్యన్‌గారి 90 గంటల మాట దేశమంతట ప్రాకెను. వారు పెద్దలు, కార్యశూరులు. అయినను తరగతిలో నల్లబల్లమీద మేము చేయించిన లెక్కను ఇచట పొందుపరచుచున్నాము. వారమునకు 168 గంటలు. దినమునకు 8 గంటల చొప్పున నిద్రకు 56 పోగా 112 మిగులును. పనికి 48 పోయిన 64 గంటలు మిగులును. 90 పోయినచో 22 మాత్రమే. అనగా దినమునకు మూడు గంటలు. అందులోనే స్నానము, భోజనము, ఆర్.టి.సి. చౌరస్తా రద్దీలో రాకపోకలు, బిడ్డను ఎత్తుకొనుట, రోగియైన తండ్రిని పరామర్శించుట! తరగతిలో నొక బాలిక లేచి, 'అట్లయిన ఆ యింటి పని యెవరు చేయుదురు సార్?' అని యడిగెను. ఆ ప్రశ్నకు మరల వత్తుము.

ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ప్రకటించిన లెక్కలో, వారమునకు 55 గంటలుగాని అంతకు మించిగాని పనిచేయువారికి, 35 మొదలు 40 గంటలు చేయువారికంటె పక్షవాతపు భయము నూటికి 35 వంతులును, గుండెజబ్బున మరణించు భయము 17 వంతులును హెచ్చని తేలెను. దినమునకు 14 గంటలు, ఆదివారమును విడువక చదువు పిల్లవాని వారము 98 గంటలు. పెద్దలకు కూడని భారమును లేత భుజములపై మోపుట ఏ ధర్మము?

ఇంత చదివినందున విద్య యెక్కువ వచ్చునందుమా, అదియు నిజము గాదు. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివినప్పుడు ఎబ్బింగ్‌హౌసు అను జర్మను పండితుని పరీక్షలను గూర్చి పాఠము వింటిమి. ఆయన అర్థములేని అక్షరకూటములను తానే వల్లించి, ఎంతకాలము జ్ఞాపకముండునో కొలిచి, 1885లో గ్రంథము ప్రకటించెను. ఒకే దినమున 68 మారులు వల్లించినందున కలిగిన ఫలము, మూడు దినములకు పంచి 38 మారులు వల్లించినందుననే కలిగెనని ఆయన కనుగొనెను. నడుమ వచ్చిన విరామము వ్యర్థముగాలేదు. ముప్పది మారుల శ్రమను అది తగ్గించినది. నిద్రించువేళ మెదడు పగటి పాఠమును పదిలపరచుకొనునని తరువాతి శాస్త్రజ్ఞులు చూపిరి. కావున పరీక్ష ముందునాటి రాత్రి జాగరము చేయువాడు, ధాన్యము కొలిపించి గాదె తలుపు మూయని రైతువంటివాడు.

క్రైస్తవులమగు మాకు ఈ విషయమున శాస్త్రముకంటె పూర్వపు ఆధారము గలదు. పది ఆజ్ఞలలో విశ్రాంతి దినపు ఆజ్ఞ యొకటి. దొంగిలవద్దు, నరహత్య చేయవద్దు అను ఆజ్ఞల సరసనే విశ్రమింపుమను ఆజ్ఞయు నున్నది. మొదటివానిని మీరుటకు జంకు మనము దీనిని మీరినప్పుడు గొప్పగా చెప్పుకొందుము! ఏలీయా ప్రవక్త అలసి, నిరాశచెంది, అరణ్యమున చెట్టుక్రింద పడి చావుగోరినప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు, ఉపదేశింపలేదు. దూతచే రొట్టెయు నీళ్లును పంపి, తిని పండుకొననిచ్చెను. మరల లేపి తినిపించెను. పని గూర్చిన మాట ఆ తరువాతనే వచ్చెను. నిరాశతో గదిలో తలుపు మూసుకొన్న బిడ్డయెడల తలిదండ్రులు మొదట చేయవలసినది ఇదియే. మార్కుల మాట మరునాడు. నేడు అన్నము, నిద్ర, ఒక చల్లని చేయి.

ఇది ఒక్క మతమువారి సొత్తనుకొనరాదు. మన దేశమున బొంబాయి మిల్లు కూలీలకు ఆదివారము సెలవు సంపాదించిపెట్టినవాడు జ్యోతిరావు ఫూలేగారి అనుయాయియగు నారాయణ మేఘాజీ లోఖండే. 1884లో కార్మిక సంఘమును స్థాపించి, ఏండ్లతరబడి పోరాడి, 1890 జూను 10వ తేదీన ఆ సెలవును గెలిచెను. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒడంబడికలోనే దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని నిర్ణయించెను. మన 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము 48 గంటల హద్దును, వారపు సెలవును, 5 గంటల పని నడుమ అరగంట విరామమును విధించెను. పూర్వులు ఇంత పోరాడి తెచ్చిన సాయంకాలమును మనము చేతి ఫోనుకు ఊరక అప్పగించుచున్నాము.

ఇక ఆ బాలిక ప్రశ్న. ఒకరి విశ్రాంతి మరియొకరి వెన్నుమీద కూర్చుండరాదు. ఆ ఆజ్ఞలో యజమానుడు మాత్రమేగాక కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, పరదేశి అందరును లెక్కింపబడిరి. మన యిండ్లలో ఆదివారము తండ్రికి సెలవు, పిల్లలకు సెలవు. తల్లికో, ఆనాడు వంట రెండింతలు. గుడినుండి వచ్చి మేము వార్తాపత్రిక పట్టుకొని కూర్చుండగా మా యిల్లాలు పొయ్యివద్ద నిలుచుట ఎన్ని యేండ్లు చూచియు చూడకుంటిమో చెప్ప సిగ్గగుచున్నది. అట్లే అర్ధరాత్రి హాస్టలు గదికి బిర్యానీ పొట్లము తెచ్చు యువకుడును ఒక తల్లి బిడ్డయే. బహుశః పగలు చిక్కడపల్లి గ్రంథాలయమున మన ప్రక్క కుర్చీలో చదువుకొన్నవాడే కావచ్చును. వాని నిద్రకు వెలకట్టి మన సౌఖ్యమును కొనుచున్నామని మరువరాదు.

మా దోషమును మరియొకటి చెప్పి ముగింతుము. జవాబుపత్రముల కట్టలు ఇంటికి తెచ్చుట మాకు అలవాటు. ఒకనాడు మా చిన్న కుమార్తె బొమ్మలను గోడకు ఆనించి బడి యాట యాడుచుండెను. తల్లి అన్నమునకు పిలువగా తలయెత్తక, 'ఉండమ్మా, ఇంకా పది పేపర్లున్నవి' అనెను. అందరము నవ్వితిమి. పిదప మాకు నవ్వు నిలువలేదు. పిల్లలు మన బోధను వినరు. మన నడతను వల్లింతురు. రాత్రి పదింటికి వాట్సాపులో హోంవర్కు పంపు ఉపాధ్యాయుడు విశ్రాంతిని గూర్చి ఎంత చక్కని పాఠము చెప్పినను ఫలమేమి?

ఈ వాదమునకు ఒక గట్టి ఆక్షేపణ గలదని మే మెరుగుదుము. 'మీరు నెల జీతగాండ్రు, నీతులు చెప్పగలరు. అప్పుచేసి ఫీజు కట్టిన కూలివాని బిడ్డకు విశ్రాంతి యెక్కడిది?' అని యడిగినచో, ఆ మాటలో న్యాయమున్నది. లేమి చేసిన బరువును వ్యాసము దింపజాలదు. ఉద్యోగ పరీక్షలు కాలమునకు జరిపి, ఫలితములు కాలమునకు ఇచ్చుట ప్రభుత్వమువారి ధర్మము. అది జరుగనిదే ఆ బిడ్డల భారము పూర్తిగా తీరదు. అయినను బీదవాని బిడ్డకు శరీరమే మూలధనము. ధనికుని బిడ్డ జబ్బుపడిన వైద్యమున్నది. బీదవాడు జబ్బుపడిన కుటుంబమే కూలును. కావున వానికే నిద్రయు వ్యాయామమును మరింత అవశ్యకములు. ఇందిరా పార్కులో అరగంట నడచుటకు వేలరూపాయల ఫీజు లేదు.

మేము సోమరితనమును బోధించుట లేదని విద్యార్థులు గుర్తెరుగవలెను. పగలు పాఠము విడిచి ఆర్.టి.సి. చౌరస్తా సినిమాహాళ్ల చుట్టు తిరుగువానికి ఈ వ్యాసము సాకు గాదు. పడకలో గంటలతరబడి ఫోను తెరను వ్రేలితో త్రోయుచుండుటయు విశ్రాంతి గాదు. దానివలన కన్ను అలయును, మనస్సు తేరదు. పనివేళ పూర్తిగా పని, విడుపువేళ పూర్తిగా విడుపు. ఈ రెండింటిని కలిపినవాడు రెండింటిని పోగొట్టుకొనును.

తలిదండ్రులకు మా మనవి యిది. రాత్రి భోజనము ఒక్కపూటయైనను అందరును కలిసి, ఫోనులు దూరమునపెట్టి చేయుడు. ఆ సమయమున మార్కుల ప్రసంగము వలదు. వారమున ఒక సాయంకాలము పిల్లలను చదువుమనకుడు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక సంగీత కచేరీయో నాటకమో చూపుడు. ఆదివారపు వంటలో కుమారులకును పాలు పంచుడు. హాస్టలులో బిడ్డనుంచినవారు, 'ఎంత చదివితివి?' అనుటకు ముందు 'ఎంతసేపు నిద్రించితివి?' అని యడుగుడు. తోడి ఉపాధ్యాయులకును ఒక మాట: బడి విడిచిన పిదప సందేశములు పంపుట మానుదము, ఇంటిపని ఇచ్చునప్పుడు మిగిలిన ఉపాధ్యాయులు ఎంత యిచ్చిరో విచారింతము. ఈ సంవత్సరము జవాబుపత్రములను పాఠశాలలోనే దిద్ది, కట్టను బీరువాలోనుంచి ఇంటికి పోవలెనని మేము నిశ్చయించుకొంటిమి. నెరవేర్చుచున్నామా లేదాయని విద్యార్థులు మమ్ము నిలదీయవచ్చును.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు నర్సులగుదురు, కొందరు అశోక్‌నగరు గదులలో గ్రూపు పరీక్షలకు చదువుదురు. ఎచటనున్నను మీ తండ్రి పల్లికాయల సంచితో గేటువద్దకు వచ్చినప్పుడు పుస్తకము మూసి బయటికి రండు. ఆయనతో చెట్టుక్రింద కూర్చుండి, ఆ కాయలు ఒలిచి తిని, ఊరి సంగతులు విని, బస్సు ఎక్కించి రండు. ఆ గంట మీ పరీక్షలో ఏ మార్కును తగ్గింపదు. సాయంకాలమున మన పాఠశాల కడపటి గంటను మ్రోగించు చేయి మిమ్ము వెళ్లగొట్టుట లేదు. మీ యిండ్లకు మిమ్ము తిరిగి అప్పగించుచున్నది. ఆ గంట వినబడగనే లేచుటకు కావలసిన ధైర్యమును దేవుడు మీకును మాకును అనుగ్రహించుగాక.